మహాప్రతిభ, గృహధర్మము : కంభము చెరువు గట్టున ఒక విచారణ

ఒక మహాకవి గ్రంథమును నిత్యపారాయణము చేయు భక్తునకు ఏదో ఒకనాడు ఆ కవి గృహజీవనమును గూర్చిన అప్రియవార్త చెవిని బడును. భార్యను ఉపేక్షించెననియో, విషయలోలుడై తిరిగెననియో, ఇల్లాలి కన్నీటిమీద కీర్తిసౌధమును కట్టుకొనెననియో ఆ వార్త చెప్పును. అప్పుడు రెండు మార్గములు సులభముగా తోచును. మొదటిది, వార్తనే కల్లయని త్రోసివేసి కవిని దేవుని చేయుట. రెండవది, గ్రంథమును మూసివేసి కవిని పతితుని చేయుట. మొదటి మార్గమున సత్యమునకు హాని, రెండవ మార్గమున విద్యకు హాని. జిజ్ఞాసువునకు ఈ రెండును తగవు.

ఈ ప్రశ్నను శూన్యములో చర్చించుటకంటె ఒక నేలమీద నిలిచి చర్చించుట మేలు. గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి నేలయందే దీనికి చక్కని దృష్టాంతములు రెండు లభించుచున్నవి. ఒకటి కొండవీటిని జయించిన శ్రీకృష్ణదేవరాయలది; రెండవది ఆ కొండవీటియందే అంతకు నూరేండ్లకు పూర్వము విద్యాధికారియై వెలిగిన శ్రీనాథునిది.

కొండవీటి విజయము, గజపతి కన్యక

కృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు విజయనగర సామ్రాజ్యమును పాలించెను. తూర్పు దిగ్విజయములో ఉదయగిరి మొదట పడినది. పిదప 1515 జూన్‌లో కొండవీడు స్వాధీనమయ్యెను. ఆ దుర్గమున చిక్కినవారిలో కళింగాధిపతి ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు ముఖ్యుడు. ఆ సంవత్సరముననే రాయలు అమరావతీ క్షేత్రమున అమరేశ్వరుని సన్నిధిని తులాపురుష మహాదానము చేసెను. సేన కృష్ణానదిని దాటి కళింగములోనికి సాగెను. 1516లో సింహాచలేశ్వరునకు ఆభరణములు సమర్పింపబడెను. తుదకు సంధి కుదిరెను. గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహము చేసెను. కృష్ణకు ఉత్తరముననున్న భూములను రాయలు తిరిగి యిచ్చెను.

రాజనీతి దృష్టితో చూచినచో ఇది ఉభయతారకమైన సంధి. ఆ కన్యక దృష్టితో చూచినచో వేరొక రూపము గోచరించును. ఆమె సోదరుని బంధించినవాడు, తండ్రిని ఓడించినవాడు ఆమెకు భర్త యయ్యెను. రెండు రాజ్యముల నడుమ వ్రాయబడిన ఒడంబడికలో ఆమెయే ముద్రిక. ఆమె పేరు విషయముననే సంప్రదాయములు ఏకీభవింపవు. ఒకచోట జగన్మోహిని, వేరొకచోట తుక్కాదేవి, ఇంకొకచోట అన్నపూర్ణ, కంభము ప్రాంతమున వరదరాజమ్మ. ఒక స్త్రీకి ఇన్ని పేరులుండుట వైభవమునకు గుర్తు కాదు. చరిత్ర ఆమెను సరిగా పిలువలేదనుటకే గుర్తు.

ఆ వివాహము సుఖాంతము కాలేదని జనశ్రుతి. రాయలు ఆమెను ఆదరింపలేదనియు, ఆమె రాజధానిని వీడి నల్లమల తూర్పు అంచున కంభమునందు ఏకాంతజీవనము గడపెననియు చెప్పుదురు. ఆమె పేర ‘తుక్కాపంచకము’ అను ఐదు సంస్కృత శ్లోకములు ప్రచారములో నున్నవి. తుమ్మెదను నెపము చేసికొని తన ఉపేక్షాదుఃఖమును ఆమె ఆ శ్లోకములలో పలికెనని పండితుల వివరణ. జనశ్రుతిలో మరియొక పాఠమును కలదు. తండ్రి పరాభవమునకు ప్రతీకారముగా ఆమె తొలిరేయి ఆయుధమును దాచియుంచెననియు, అది తెలిసి రాయలు దూరమయ్యెననియు ఆ పాఠము చెప్పును. మొదటి పాఠములో దోషము రాజుది. రెండవ పాఠములో దోషము రాణిది. కథ చెప్పువాడు ఎవరి పక్షమున నిలిచినాడో, నేరము ఎదుటి పక్షమునకు తరలుచున్నది.

చెరువు పలుకు సాక్ష్యము

కంభము చెరువు నేటికిని నిండుచున్నది. గుండ్లకమ్మ నది కొండల నడుమనుండి వచ్చు ఇరుకు కనుమకు అడ్డముగా కట్టినందున, చిన్న కట్టకే మహాజలరాశి నిలిచినది. సుమారు 7 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పుగల ఈ తటాకమును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడముగా గుర్తించెను. కంభము పూర్వము కర్నూలు మండలములోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా నూతన మండలము ఏర్పడినప్పుడు అందు చేరినది. ఈ తటాకమును కట్టించినది గజపతి కుమార్తె వరదరాజమ్మయని ఆ ప్రాంతపు ఐతిహ్యము ఏకకంఠముతో చెప్పును.

ధర్మశాస్త్రములు తటాకనిర్మాణమును పూర్తకర్మలలో ఉత్తమమైనదిగా ఎన్నును. సప్తసంతానములలో తటాకము ఒకటి. కన్నబిడ్డ వంశమును నిలుపునట్లే తటాకము కర్త పేరును నిలుపునని ఆ భావన. సంతానము లేని రాణి తటాకమును సంతానముగా పొందినదను భావము ఈ ఐతిహ్యములో అంతర్లీనముగా నున్నది. అది చరిత్రాంశము కావచ్చును. దుఃఖితురాలైన ఒక స్త్రీకి ఆ ప్రాంతపు రైతులు సమర్పించిన తర్పణమును కావచ్చును. ఎట్లైనను, రాయలను గూర్చి ఆ నేల ఇచ్చిన తీర్పు అందు వినవచ్చుచున్నది. విజయోత్సవమునకు కొండవీడు, మంగళగిరి శాసనములు సాక్ష్యము. ఆ విజయము ఒక ఇంట మిగిల్చిన శూన్యమునకు ఈ ఐతిహ్యము సాక్ష్యము.

అయితే సాక్ష్యముల బలము సమానము కాదు. ఈ విషయమున న్యాయదర్శనము నేర్పిన ప్రమాణవివేకము అవశ్యము. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతమున విజయనగరమునందుండి రాయలను కన్నులార చూచినవాడు. రాయలకు ధర్మపత్నులు పన్నెండుగురనియు, వారిలో ముగ్గురు ముఖ్యులనియు, ఆ ముగ్గురిలో ఒకతె ఓఢ్రరాజు కుమార్తె యనియు అతడు వ్రాసెను. ముగ్గురికిని వేరువేరు మందిరములు, సమానమైన పరివారము, సమానమైన ధనము ఏర్పాటు చేయబడెననియు, వారి నడుమ వైమనస్యము కలుగకుండుటకే ఆ సమత్వమనియు, వారు పరస్పర స్నేహముతో నుండిరనియు అతని కథనము. ఇది ఉపేక్షాకథకు ఎదురు నిలుచు సమకాలిక వాక్యము.

ఇంతటితో రాయలు నిర్దోషి యని తీర్మానింపవచ్చునా? తొందరపడరాదు. పేస్ అంతఃపురమున ప్రవేశించి రాణులతో సంభాషించినవాడు కాడు. కొలువులో చెప్పుకొను మాట అతడు విన్నాడు. కొలువు తన ప్రభువు ఇంటిని గూర్చి పరదేశితో మంచిమాటయే చెప్పును. పైగా సమానమైన ధనము సమానమైన ప్రేమ కానేరదు. తిరుమల ఆలయమున రాయలకు ఇరుప్రక్కల అంజలి ఘటించి నిలిచిన లోహమూర్తులు తిరుమలదేవి, చిన్నాదేవులవి. గజపతి కన్యక మూర్తి అచట లేదు. దానినుండి ఉపేక్ష సిద్ధింపదు, పూర్ణసమత్వమును సిద్ధింపదు. పరోక్షసాక్ష్యము ఎంతవరకు మోయగలదో అంతవరకే దానిపై భారము మోపవలెను.

అదే పేస్ వ్రాసిన మరియొక విషయము ఇచట స్మరింపదగినది. రాయలు యువకుడై యుండగా ఒక వారాంగనను ప్రేమించెననియు, తాను రాజైనచో ఆమెను పెండ్లాడుదునని మాట ఇచ్చెననియు, సింహాసనమెక్కిన పిదప ఆ మాటను నిలుపుకొని ఆమెను ముఖ్యపత్నిగా స్వీకరించెననియు అతడు చెప్పును. కులగౌరవము, రాజమర్యాద వలదన్నను ఇచ్చిన మాటను తప్పనివాడు ఒక ప్రక్క. సంధిపత్రముతో వచ్చిన రాజపుత్రికను, జనశ్రుతి నిజమైనచో, ఒంటరిని చేసినవాడు మరియొక ప్రక్క. ఈ ఇద్దరును ఒక్కరే. మనుష్యుని శీలము ఒకే రంగుతో నేసిన వస్త్రము కాదు.

ఆముక్తమాల్యదను ఎట్లు చదువవలెను?

భక్తులను నిజముగా బాధించు ప్రశ్న ఇచటనే కలదు. శ్రీకాకుళాంధ్రదేవుడు కలలో దర్శనమిచ్చి, తన వివాహకథను తెలుగున చెప్పుమని ఆజ్ఞాపింపగా రాయలు ‘ఆముక్తమాల్యద’ను రచించెను. అందు గోదాదేవి విరహము, రంగనాథునియందు ఆమె అనన్యశరణత్వము, తుదకు కల్యాణము వర్ణితములు. ప్రియుని కొరకు తపించు కన్యక హృదయమును ఇంత సూక్ష్మముగా గ్రహించిన కవి, తన ఇంట తపించిన స్త్రీ హృదయమును గ్రహింపలేదా? గ్రహింపలేకున్నచో ఆ కవిత్వము కపటమా?

కపటమనుట తర్కమునకు నిలువదు. వైద్యుడు రోగియైనంత మాత్రమున ఔషధము నిర్వీర్యము కాదు. గోదావిరహము రాయల సొంత సొత్తు కాదు. ఆళ్వారుల అనుభవము నుండి, ఆచార్యపరంపర నుండి అతనికి లభించినది. కవి ఆ ప్రవాహమునకు కాలువ. కాలువ గట్లు ఎగుడుదిగుడుగా ఉన్నను పొలమునకు చేరిన నీరు నీరే. రాయలు స్వయముగా ఆ కావ్యములో చెప్పిన ఖాండిక్య కేశిధ్వజుల కథ ఈ అంశమునకు తోడ్పడును. రాజ్యమును అపహరించిన కేశిధ్వజుడు, ప్రాయశ్చిత్తము తెలియగోరి, అడవులపాలైన శత్రువు ఖాండిక్యునే ఆశ్రయించెను. ఖాండిక్యుడు ఆగ్రహమును విడిచి ధర్మమును చెప్పెను. పిదప గురుదక్షిణగా రాజ్యమును కోరక, ఆ అపహర్తనుండియే ఆత్మవిద్యను కోరెను. ఖాండిక్యుడు కేశిధ్వజుని అపరాధమును మరువలేదు. అతని జ్ఞానమును కాదనలేదు. రెండింటిని వేరువేరు తట్టలలో ఉంచెను.

అయితే ఈ ఉపమానమునకు హద్దు కలదు. గ్రంథము పవిత్రమని చెప్పి గ్రంథకర్త చేసిన గాయమును మాపరాదు. ఆముక్తమాల్యద ఎంత మహత్తరమైనను కంభములోని ఏకాంతమునకు అది పరిహారము కానేరదు; ఏలయన, ఆ పరిహారము ఆమెకు చేరలేదు. ఫలము పాఠకులకు, మూల్యము ఆమెకు. ఈ లెక్కను సరిపుచ్చితిమని పాఠకుడు భావింపరాదు.

శ్రీనాథుడు : చాటువుల న్యాయస్థానము

రెండవ దృష్టాంతమున సాక్ష్యము ఇంకను దుర్బలము, తీర్పు ఇంకను కఠినము. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారి. శృంగారనైషధము, భీమఖండము, కాశీఖండము, హరవిలాసము, శివరాత్రి మాహాత్మ్యము అతని కృతులు. శైవక్షేత్రమహిమను తెలుగువారి ఇంటింటికి చేర్చిన మహాభక్తకవి అతడు. కాని లోకమున ప్రచారములోనున్న శ్రీనాథుడు వేరు. ఊరూర తిరుగుచు, కనబడిన ప్రతి స్త్రీని వర్ణించుచు, భోగములలో సర్వస్వమును వ్యయపరచి, తుదకు దరిద్రుడై మరణించిన విలాసి అతడు. ఈ రెండవ శ్రీనాథుని నిర్మించినవి చాటుపద్యములు.

చాటువు స్వభావమేమి? ఎవరో ఒక సందర్భమున ఆశువుగా చెప్పగా నోటినుండి నోటికి సాగును. పద్యము చమత్కారముగా ఉన్నచో ప్రసిద్ధుని పేర చేరును. హాస్యమైనచో తెనాలి రామకృష్ణునిది, శృంగారమైనచో శ్రీనాథునిది. ‘క్రీడాభిరామము’ చరిత్ర ఈ వలయమును స్పష్టముగా చూపును. ఆ వీథినాటకము వినుకొండ వల్లభరాయని పేర నున్నది. ఓరుగల్లు వీథులలోని విలాసినులను, పానగృహములను, వినోదములను అది వర్ణించును. కొందరు విద్వాంసులు దానిని శ్రీనాథకృతమని వాదించిరి. శైలీసామ్యము వారి ముఖ్యాధారము. ఆ వాదము పండితుల గోష్ఠి దాటి లోకమునకు వచ్చునప్పటికి మరియొక రూపము దాల్చెను. ఇంత శృంగారమున్నది గనుక శ్రీనాథునిదే. ఇది శ్రీనాథునిది గనుక అతడు విలాసియే. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయదోషమందురు.

పందొమ్మిదవ శతాబ్ది తుదిని సంస్కరణోద్యమ దృష్టితో కవిచరిత్రలు వ్రాయబడెను. కందుకూరి వీరేశలింగము ప్రభృతులు శీలమును గీటురాయిగా చేసికొని ప్రాచీనకవులను పరీక్షించిరి. బాలికలకు, వితంతువులకు న్యాయము కోరిన ఆ తరమునకు కవిశీలము ఉపేక్షణీయము కాదు. వారి ఆవేదన సత్యము. పిదప వేటూరి ప్రభాకరశాస్త్రి ‘శృంగార శ్రీనాథము’ రచించి కవి జీవితమును గ్రంథములు, శాసనములు, చాటువులు అను ఆధారములతో పునర్నిర్మించెను. ఆ పరిశ్రమ తరువాత శ్రీనాథుడు కేవలవిలాసిగా గాక, రాజ్యములు కూలుచుండగా ఆశ్రయము వెదకుకొనుచు తిరిగిన వృద్ధపండితుడుగా కూడ దర్శనమిచ్చెను. కృష్ణాతీరమున బొడ్డుపల్లిలో భూమిని గుత్తకు తీసికొనగా వరద పైరును మ్రింగెననియు, ఏడువందల టంకములు చెల్లింపలేక రాజపురుషులచే దండనపాలయ్యెననియు చెప్పు చాటుసంప్రదాయమున పాపఫలము కానరాదు; కౌలురైతు దుర్గతి కానవచ్చును. ఆ నేలలో నేటికిని ఆ దుర్గతి అపరిచితము కాదు.

చాటువు సర్వథా అప్రమాణమని చెప్పుటయు సరికాదు. పలనాటిని గూర్చి శ్రీనాథుని పేర నున్న చాటువులు జొన్నకూటిని, నీటి ఎద్దడిని చెప్పును. అది ప్రత్యక్షసిద్ధము, 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వచ్చువరకు ఆ భూమి అట్లే యుండెను. నేల విషయమున చాటువును నేలయే సరిచూచును. ఒక స్త్రీ పురుషుల ఏకాంతమును గూర్చి చాటువు పలికినప్పుడు సరిచూచువారు లేరు. మొదటిదానిని నమ్మినంత సులభముగా రెండవదానిని నమ్మరాదు.

కాలభేదమును మరువరాదు. నేడు గుంటూరు అనగానే ఎఱ్ఱని మిరప కళ్లములు మనస్సున మెదలును. కాని శ్రీనాథుని గుంటూరు సీమలో మిరప లేదు. అది పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలతో ఈ దేశమునకు వచ్చినది. శ్రీనాథుని విస్తరిలో నేటి మిరపకారమును వడ్డించుట ఎంత పొరపాటో, అతని కాలపు రాజాస్థానములలో సహజమైన శృంగారగోష్ఠిని నేటి వ్యభిచారనిర్వచనముతో కొలుచుటయు అంత పొరపాటు. ఇట్లనినంత మాత్రమున కాలము సర్వమును కప్పిపుచ్చదు. ఆకలి ఆ కాలమునను ఆకలియే. ఉపేక్షితయైన ఇల్లాలి దుఃఖము ఆ కాలమునను దుఃఖమే. ఆచారము మారును, వేదన మారదు.

శిష్టాచారమును గూర్చి శాస్త్రమేమనును?

మహాపురుషుల దోషములను చర్చించుట అపచారమని కొందరు భావింతురు. శాస్త్రము అట్లు భావింపలేదు. తెలుగునాట బహుళముగా అనుసరింపబడు ఆపస్తంబ ధర్మసూత్రము పూర్వులైన మహనీయులయందు ధర్మవ్యతిక్రమము, సాహసము కనబడునని నిస్సంకోచముగా అంగీకరించును. వారి తేజస్సు వేరనియు, దానిని చూచి నేటివాడు అనుకరించినచో నశించుననియు హెచ్చరించును.

కుమారిలభట్టు తంత్రవార్తికములో ఇంకను ముందుకు పోయెను. శిష్టాచారము ధర్మమునకు ప్రమాణమైనచో, ఇంద్రుడు, విశ్వామిత్రుడు, యుధిష్ఠిరుడు మున్నగువారి దోషముల మాటేమి యని ప్రశ్నించుకొని, దీర్ఘమైన పట్టికనే ఇచ్చెను. కొన్నింటిని రూపకములుగా వివరించెను. కొన్నింటిని రాగద్వేషములచే జరిగిన అకృత్యములుగా ఒప్పుకొనెను. అతని సిద్ధాంతసారము ఇది: శిష్టులు ధర్మబుద్ధితో ఆచరించినదే ప్రమాణము, వారు కామక్రోధవశులై చేసినది వారే ధర్మమని భావింపలేదు గనుక మనకు ప్రమాణము కాదు. మేనమామ కూతురిని పెండ్లాడు దాక్షిణాత్యుల ఆచారమును సైతము అతడు విచారణకు తెచ్చెను. దూరపు దేవతలను ప్రశ్నించినవాడు దగ్గరి బంధువులను విడిచిపెట్టలేదు.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి ఈ వివేకమును ఆచార్యుని నోటనే పలికించినది. విద్య ముగించి వెడలు శిష్యునితో గురువు తన నడవడిలో మంచివానినే అనుసరింపుమనియు, ఇతరములను విడువుమనియు బోధించును. ఈ మాట గురువు చెప్పుటలోనే దాని మహిమ యున్నది. తనలో అనుసరింపదగనివి కలవని అతడు ముందే ఒప్పుకొనెను. శిష్యుని తీర్పును నేరముగా గాక విద్యాంగముగా స్వీకరించెను.

భాగవతమున రాసక్రీడను విన్న పరీక్షిత్తు, ధర్మస్థాపకుడైన భగవంతుడు ఇట్లేల చేసెనని ప్రశ్నించును. శుకుడు ఆ ప్రశ్నను అణచివేయలేదు. సమర్థుల వాక్యము అనుసరణీయమనియు, వారి ఆచరణము ఆ వాక్యముతో పొసగినచోటనే అనుసరణీయమనియు, రుద్రుడు గానివాడు విషము త్రాగరాదనియు సమాధానమిచ్చెను. ఈశ్వరతత్త్వమును గూర్చిన ఆ సమాధానమును ప్రతి ప్రతిభావంతునికి కవచముగా తొడుగుట ప్రమాదకరము. ప్రతిభ ఈశ్వరత్వము కాదు. చక్కని పద్యము వ్రాసినవానికి విషము జీర్ణము కాదు. ఆ విషమును తరచుగా అతని ఇంటివారు త్రాగుదురు.

రెండవ కంఠము

గృహజీవనమును గూర్చిన తీర్పున ఒక నియమము మిక్కిలి ముఖ్యము: రెండవ వ్యక్తి మాటను వెదకవలెను. భవభూతి ఉత్తరరామచరితము మూడవ అంకమున సీత సఖి వాసంతి శ్రీరాముని ఎదుటనే నిలిచి సీతాపరిత్యాగమును గూర్చి నిష్ఠురముగా అడుగును. రాముడు కోపింపడు, శోకముతో మూర్ఛిల్లును. ఆ ప్రశ్న రామభక్తిని తగ్గింపలేదు. రాముని హృదయమును విప్పినది. తెలుగు స్త్రీలు ‘ఊర్మిళాదేవి నిద్ర’ను తరతరములుగా పాడిరి. పదునాలుగేండ్లు భర్తకు దూరమైన ఆమెకు కావ్యము ఇవ్వని మాటను పాట ఇచ్చెను. ఆ పాట పాడిన స్త్రీలు లక్ష్మణుని పూజింపక మానలేదు.

గుంటూరి విభుడైన మంత్రి భాస్కరుని మనుమడు తిక్కన. అతడు తొలికృతిగా ఉత్తరరామకథనే ఎన్నుకొనెను. సీతాపరిత్యాగమనెడి కఠినఘట్టము కలదని ఆ మహాకవి దానిని వర్జింపలేదు. శ్రీనాథుని శృంగారనైషధము నలదమయంతుల దాంపత్యసుఖముతోనే ముగియును. నలుడు అడవిలో నిద్రించుచున్న దమయంతిని విడిచిపోయిన ఘట్టమును ఎరుగగోరువాడు భారతము అరణ్యపర్వమునకు పోవలెను. వివాహముతో ముగియు కావ్యము, వివాహముతో మొదలగు జీవితము వేరువేరు. నలుని కలిపురుషుడు ఆవేశించెనని కథ చెప్పును. ఐనను దమయంతి పరీక్షింపక స్వీకరింపలేదు. నలుడు ఆ పరీక్షకు నిలిచిన పిదపనే సమాగమము.

రెండవ కంఠము దొరకినచోట తీర్పు సుకరము. రష్యాలో టాల్‌స్టాయ్ 1862లో సోఫియాను వివాహమాడెను. పదుమువ్వురు బిడ్డలను కని, భర్త మహాగ్రంథపు ప్రతులను మరల మరల చేతితో వ్రాసి యిచ్చిన ఆమె, తన దినచర్యలను కూడ వ్రాసికొనెను. 1910లో ఎనుబదిరెండేండ్ల వయస్సున భర్త ఇల్లు విడిచి ఒక రైలుస్థానమున మరణించుటను లోకము వైరాగ్యముగా కీర్తింపగా, ఆమె వ్రాతలు ఆ వైరాగ్యపు రెండవ ముఖమును చూపెను. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతుల విషయమున రెండవ కంఠము వారి కార్యములోనే వినబడును. వితంతూద్ధరణలో, 1922లో వెలసిన శారదానికేతనములో ఆమె భర్తకు నీడవలె గాక సహకర్తగా నిలిచెను. ‘మాలపల్లి’ని చదువువాడు ఆ ఇంటిని గూర్చి శంకింప పనిలేదు.

దొరకనిచోట మౌనమును గౌరవింపవలెను. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు గృహమును విడుచుచు మైత్రేయికి బ్రహ్మవిద్యను ఉపదేశించెను. రెండవ భార్య కాత్యాయని ఆ సన్నివేశమున ఒక్క మాటయైనను పలుకదు. మైత్రేయి ప్రశ్నవలన వేదాంతులు తరించిరి. కాత్యాయని మౌనమును కూడ ఒక్క క్షణము వినుట వారి ఋణము. కంభములోని రాణిది అట్టి మౌనమే. ఐదు శ్లోకములు, ఒక చెరువు, కొన్ని పేరులు. ఆ మౌనమును రాయలపై నేరారోపణగా మార్చుటయు, రాయల కీర్తితో కప్పివేయుటయు, రెండును ఆమెను మరల ఒకసారి వాడుకొనుటయే.

తీర్పునకు అధికారము

ఇంతకును తీర్పు చెప్పవచ్చునా? చెప్పవచ్చును, చెప్పక తప్పదు. ఆదరించుట స్వయముగా ఒక తీర్పు. ఒకని గ్రంథమును బిడ్డల చేతికిచ్చువాడు, అతని నడవడిలో వేనిని అనుసరింపవలెనో వేనిని విడువవలెనో చెప్పుటకు బద్ధుడు. కాని ఆ తీర్పు కృత్యముపై ఆగవలెను; ఆత్మపై సాగరాదు. ఉపేక్ష జరిగినచో ఉపేక్ష దోషమనుట ధర్మము. ఉపేక్షించినవాడు సర్వథా నీచుడనుట సర్వజ్ఞత్వమును నటించుట. ఆ లెక్క చూచువాడు వేరుగా నున్నాడు.

సాధకునికి ఈ విచారణలో మరియొక ప్రయోజనము కలదు. పరదోషచింతనము రుచికరము, రెండు ఘడియలు గడచిన పిదప అది విచారణ వేషము విడిచి వినోదమగును. శ్రీనాథుని విలాసములను చెప్పుకొని నవ్వువారిలో అతని కాశీఖండమును ముట్టినవారు కొందరే. రాయల అంతఃపురమును శోధించువాడు తన ఇంట తన ఉపేక్షచే ఒంటరియైనది ఎవరో చూచుకొనవలెను. పూజకు, పారాయణమునకు, సత్సంగమునకు వేళ యిచ్చి, ఇల్లాలి మాట వినుటకు వేళ లేనివాడు ప్రతిభ లేకుండగనే ప్రతిభావంతుల దోషమును సంపాదించుకొన్నవాడు. రాయలకు ఆముక్తమాల్యద యున్నది; అతనికి అదియు లేదు.

కంభము చెరువుక్రింది పొలములలో పంట నేటికిని ఆ నీటిని త్రాగుచున్నది. ఆ నీరు విజేతది కాదు, పరాజితునిదియు కాదు. ఆముక్తమాల్యదను భక్తితో చదువువాడు చదువవలెను. గోదాదేవి పెండ్లిపీటలమీద కూర్చుండు పద్యమువద్దకు వచ్చినప్పుడు, ఏ కవియు పాడని ఒక పెండ్లికూతురికి మనస్సులో నమస్కారము చేసి, పుట త్రిప్పవలెను.